చంటిపిల్లలతో గాల్వెస్టన్ నుంచి క్రూజ్: కాగితాల నుంచి డయపర్ల దాకా

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు విమానం ఎక్కకుండా సముద్రం మీదికి వెళ్లే దారి టెక్సస్ రేవు గాల్వెస్టన్. డాలస్ నుంచి ఐ-45 మీద సుమారు 290 మైళ్లు, ఆగుతూ వెళ్తే ఐదారు గంటలు. పాపకో బాబుకో ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు వయసుంటే మొదటిసారి 4 రాత్రుల ట్రిప్ చాలు: మొదటి రోజు ఎక్కడం, ఒక రోజు సముద్రం మీద, ఒక రోజు మెక్సికోలోని కోజుమెల్, మళ్లీ ఒక రోజు సముద్రం, అయిదో రోజు పొద్దున దిగడం. ఏడు రాత్రులది చవగ్గా వస్తోందని తీసుకుంటే, నిద్ర కుదరని పిల్లతో మూడో రాత్రికే ఇల్లు గుర్తొస్తుంది.

డీల్ చూసి కాదు, బిడ్డ వయసు చూసి షిప్‌ని ఎంచుకోవాలి. కింద చెప్పేదంతా దాని చుట్టూ తిరిగేదే.

1. ముందు వయసు లెక్క

పెద్ద క్రూజ్ కంపెనీలన్నీ కనీసం 6 నెలలు నిండాలంటాయి. ఆ లెక్క బుక్ చేసిన రోజుది కాదు, షిప్ బయల్దేరే రోజుది. వరసగా మూడు రోజులు, అంతకు మించి రేవు తగలని ట్రిప్పులకూ, అట్లాంటిక్ దాటేవాటికీ, హవాయికీ 12 నెలలు అడుగుతారు. 5 నెలల 28 రోజుల బిడ్డని టెర్మినల్ దగ్గర ఆపేస్తారు, డబ్బూ తిరిగిరాదు. పుట్టిన తేదీ పక్కన పెట్టుకుని క్యాలెండర్ మీద లెక్కపెట్టండి.

అన్నప్రాసన అయ్యి, ఇంకా పాకని బిడ్డ, అంటే 6 నుంచి 9 నెలల మధ్య, షిప్ మీద అందరికన్నా సుఖంగా ఉంటుంది. ఎక్కడ పడుకోబెడితే అక్కడ ఉంటుంది, తిండి సంచిలోనే ఉంటుంది. మూడేళ్లు నిండి డయపర్ మానేసిన పిల్లలకీ ఇబ్బంది లేదు, ఉచిత కిడ్స్ క్లబ్‌లోకి తీసుకుంటారు. అసలు కష్టం 12 నుంచి 30 నెలల మధ్య: నడుస్తారు, పరిగెడతారు, ఎక్కుతారు, స్విమ్మింగ్ పూల్ చూసి ఏడుస్తారు, దాంట్లోకి దిగనివ్వరు. ఈ వయసులో వెళ్లకూడదని కాదు, షిప్ ఎంపిక మాత్రం జాగ్రత్తగా చేయాలి.

2. పూల్ సంగతి బుక్ చేయకముందే తెలుసుకోండి

చంటిపిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే. డయపర్ వేసుకునే పిల్లలను, స్విమ్ డయపర్ వేసినా సరే, షిప్ మీద మామూలు పూల్స్‌లోకీ హాట్ టబ్‌లోకీ రానివ్వరు. అమెరికా రేవులకు వచ్చే షిప్పుల పరిశుభ్రతను సీడీసీ అనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ తనిఖీ చేస్తుంది, ఆ నిబంధనల వల్లే ఇది. స్విమ్ డయపర్ గట్టి మలాన్ని ఆపుతుంది కానీ పల్చటి విరేచనాన్ని ఆపదు. ఒక్క బిడ్డ వల్ల పూల్ మూసి శుభ్రం చేయాల్సి వస్తుంది.

దీనికి మందు, చిన్నపిల్లల కోసమే వేరే నీటి ఏర్పాటుతో కట్టిన స్ప్లాష్ ప్రాంతం. కొన్ని షిప్పుల్లో ఉంది, అదే కంపెనీ పాత షిప్పులో ఉండకపోవచ్చు. కంపెనీ పేరుతో కాకుండా షిప్ పేరుతో ఫోన్ చేసి ఇలా అడగండి: "ఈ షిప్‌లో స్విమ్ డయపర్ వేసుకున్న బిడ్డ ఆడుకునే నీళ్ల ప్రాంతం ఉందా, ఏ డెక్ మీద?" "కిడ్స్ పూల్ ఉందా" అని అడిగితే ఉందనే అంటారు. అది డయపర్ మానిన పిల్లలది.

లేదంటే గాలి ఊది వాడే చిన్న టబ్ తీసుకెళ్లండి. ఎక్కువ షిప్పుల్లో మామూలు గదులకు షవర్ మాత్రమే ఉంటుంది, స్నానపు తొట్టి ఉండదు. షవర్ అడుగున టబ్ పెట్టి నీళ్లు నింపితే స్నానమూ అవుతుంది, ఆటా అవుతుంది. డిస్నీ షిప్పుల గదుల్లో చాలావాటికి తొట్టి ఉంటుంది, వాటి రేటు ఎక్కువ.

3. బిడ్డని చూసుకునే చోటు

రాయల్ కరీబియన్ కంపెనీలో 6 నుంచి 36 నెలల పిల్లలకు నర్సరీ కొన్ని షిప్పుల్లోనే ఉంది, గంటకింత అని తీసుకుంటారు. మూడేళ్ల నుంచి ఉచిత క్లబ్, కానీ డయపర్, పుల్-అప్ రెండూ మానేసి ఉండాలి. కార్నివాల్‌లో క్లబ్ రెండేళ్లకే మొదలు, డయపర్ కూడా మారుస్తారు. అందుకే రెండేళ్ల పిల్లతో వెళ్లేవాళ్లకు మా ఓటు కార్నివాల్‌కే. డిస్నీలో 6 నెలల నుంచి మూడేళ్ల దాకా నర్సరీ, గంట లెక్కనే.

నర్సరీలో చోట్లు కొన్నే. ఆన్‌లైన్‌లో ముందే బుకింగ్ ఇస్తే ఆ రోజే చేయండి. లేదంటే షిప్ ఎక్కగానే భోజనానికి పరిగెత్తకుండా ఇద్దరిలో ఒకరు నర్సరీ కౌంటర్‌కి వెళ్లాలి. సాయంత్రం 4కి వెళ్తే మిగిలేవి ఎవరికీ అక్కర్లేని వేళలే. మొదటిసారి గంటకి మించి వదలకండి. కొత్తవాళ్ల దగ్గర ఏడుపు ఆపకపోతే కాసేపటికి వాళ్లే పిలుస్తారు.

4. కాగితాలు: తెలుగువాళ్లు తడబడేది ఇక్కడే

గాల్వెస్టన్‌లో ఎక్కి గాల్వెస్టన్‌లోనే దిగే ట్రిప్‌లో అమెరికా పౌరులైన పిల్లలు పాస్‌పోర్ట్ లేకుండా బర్త్ సర్టిఫికెట్‌తో వెళ్లొచ్చు. అది రాష్ట్రమో కౌంటీయో ఇచ్చినది కావాలి, ఆసుపత్రి వాళ్లు పాదముద్రలతో ఇచ్చే అందమైన కాగితం చెల్లదు. అయినా పాస్‌పోర్ట్ తీయించమనే మా మాట. కోజుమెల్‌లో బిడ్డకు జబ్బు చేసి షిప్ వదిలేసి విమానంలో రావాల్సి వస్తే పాస్‌పోర్టే దిక్కు. దరఖాస్తు ఫారం డీఎస్-11. తల్లిదండ్రులిద్దరూ బిడ్డతో సహా స్వయంగా వెళ్లాలి. వారాలు పడుతుంది కాబట్టి బుకింగ్ కన్నా ముందే ఆ పని మొదలుపెట్టండి.

ఇక అమ్మానాన్నల సంగతి. హెచ్-1బి, హెచ్-4 మీద ఉన్నవాళ్లకు పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు మిగిలి ఉంటే చిక్కు తక్కువ. పాస్‌పోర్ట్, ఐ-797 (హెచ్ ఆమోద పత్రం), ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే నమోదు) ప్రింట్ చేతిసంచిలో పెట్టుకోండి. స్టాంప్ గడువు అయిపోయి ఐ-94 మాత్రమే మిగిలి ఉంటే ఇది జాగ్రత్తగా చదవండి. గడువు తీరిన స్టాంప్‌తోనే అమెరికాలోకి తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే నిబంధన 30 రోజుల లోపు కెనడాకో మెక్సికోకో వెళ్లొచ్చే హెచ్ వీసావాళ్లకు, అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు చేయకపోతే, వర్తిస్తుంది. కరీబియన్ దీవులకు వర్తించేది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్‌ఛేంజ్) వీసాల వాళ్లకే. అంటే కోజుమెల్ ఒక్కటే ఉన్న ట్రిప్ వేరు, అదే షిప్ హోండూరస్‌లోని రోఆటాన్‌కో, బెలీజ్‌కో, గ్రాండ్ కేమన్‌కో, జమైకాకో వెళ్లే ట్రిప్ వేరు. వాతావరణం బాగాలేక కెప్టెన్ రేవు మార్చే అవకాశం కూడా ఉందని మరవకండి. స్టాంప్ లేనివాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగి, క్రూజ్ కంపెనీ ఎక్కనిస్తుందో లేదో ఈమెయిల్‌లో రాయించుకుని, మెక్సికో వీసా షరతు కూడా అందులోనే తేల్చుకున్నాకే డబ్బు కట్టాలి. స్టాంప్ వేయించుకుని మరుసటి ఏడాది వెళ్లడం అన్నిటికన్నా నిశ్చింత.

ఇంటిపేరు తంటా మనకు మామూలే. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో టికెట్‌లో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, వీసాలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడ్డవాళ్లు ఏ పేరుతో బుక్ చేయాలో ఫోన్ చేసి అడగండి, వెబ్‌సైట్‌లో ఊహించి కొట్టకండి. తల్లి ఇంటిపేరు బిడ్డ ఇంటిపేరు వేరైతే బర్త్ సర్టిఫికెట్ కాపీ దగ్గర పెట్టుకోండి. ఒక్కరే బిడ్డను తీసుకెళ్తుంటే రెండోవాళ్ల సంతకంతో నోటరీ చేయించిన అంగీకార పత్రం కావాలి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ తాతయ్యలను తీసుకెళ్లేటట్లయితే వాళ్ల బి-2 వీసా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి, గడువు ఉండాలి. వాళ్లకు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ షిప్ మీదా మెక్సికోలోనూ పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న, అది కూడా అడగండి. మీ ఆఫీసు ఇన్సూరెన్స్‌ని కూడా నమ్ముకోకండి. షిప్ ఆసుపత్రి బిల్లు నేరుగా మీ గది ఖాతాలో పడుతుంది, పిల్లల డాక్టర్ ప్రత్యేకంగా ఉండరు. అత్యవసరంగా ఒడ్డుకు చేర్చే ఖర్చు కలిపిన ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

మెక్సికో అంటే విదేశీ ప్రయాణమే. విదేశాలకు వెళ్లే 6 నుంచి 11 నెలల పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎం.ఎం.ఆర్. టీకా ఒక డోసు ముందుగా వేయించాలని సీడీసీ చెబుతోంది. ప్రయాణానికి నెలా నెలన్నర ముందే పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి.

5. గది, తేదీ, డబ్బు

ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం కదా అని బిడ్డ లెక్కలోకి రాదనుకోకండి. విమానంలో నడిచేది ఇక్కడ నడవదు. లైఫ్‌బోట్‌లో చోటు లెక్క ఉంటుంది కాబట్టి ఆరు నెలల పాప కూడా పూర్తి ప్రయాణికురాలే. మూడో మనిషిగా ఛార్జీ తక్కువ పడొచ్చు, కానీ పన్నులు, రేవు రుసుములు పడతాయి. రోజువారీ టిప్ చాలా కంపెనీలు బిడ్డకీ వేస్తాయి, కార్నివాల్‌లో రెండేళ్ల లోపు వాళ్లకు లేదు. ముగ్గురు, నలుగురు పట్టే గదులు ముందు అయిపోతాయి. ఇద్దరికని బుక్ చేసి తర్వాత బిడ్డను చేరుద్దామంటే ఆ గదికి వీలుండదు.

షిప్ నడిమధ్యలో, కింది డెక్కుల్లో గది తీసుకుంటే ఊపు తక్కువ. పూల్ డెక్ కిందా, థియేటర్ పైనా ఉండే గదులు వద్దు. కుర్చీలు జరిపే చప్పుడుకి బిడ్డ పొద్దున్నే లేస్తుంది. బాల్కనీకి కాస్త ఎక్కువైనా పెట్టండి: బిడ్డ 8కే పడుకుంటే మీరిద్దరూ చీకట్లో ఫోన్ చూస్తూ కూర్చోకుండా బయట కూర్చోవచ్చు. కిటికీ లేని లోపలి గదిలో మధ్యాహ్నం కూడా కటిక చీకటి, బిడ్డ నిద్రకు అదీ వరమే. బాల్కనీ తీసుకుంటే కుర్చీలు, బల్ల రెయిలింగ్‌కి దూరంగా జరిపి, తలుపు పైగడియ ఎప్పుడూ వేసి ఉంచాలి.

క్రిబ్ ఉచితమే కానీ సంఖ్య తక్కువ, బుక్ చేసిన రోజే రాయించండి. అది వేశాక గదిలో నడిచే చోటు మిగలదు. కాఫీ టేబుల్ తీసేయమని గది చూసుకునే స్టీవర్డ్‌ని మొదటి రోజే అడగండి. చీర ఉయ్యాలకు అలవాటుపడ్డ బిడ్డ అయితే నెల ముందు నుంచే ఇంట్లో క్రిబ్‌లో పడుకోబెట్టడం అలవాటు చేయాలి. షిప్‌లో ఉయ్యాల కట్టడానికి దూలం దొరకదు.

తేదీల విషయానికొస్తే, హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. చలికాలంలో ఉత్తరం నుంచి చలిగాలులు దిగినప్పుడు గల్ఫ్ బాగా ఊగుతుంది. గాల్వెస్టన్‌కు ప్రత్యేకమైన తలనొప్పి పొగమంచు: డిసెంబర్ నుంచి మార్చి మధ్య ఓడల కాలువ గంటల తరబడి మూసేస్తుంటారు, తిరిగి రావాల్సిన షిప్ సముద్రంలోనే నిలబడిపోతుంది. ఏప్రిల్, మే నెలలు చంటిపిల్లలకు అనువైనవి.

మిగతా డబ్బు సాధారణంగా 75 నుంచి 90 రోజుల ముందు కట్టాలి. ఆ తేదీ దాటాక రద్దు చేస్తే కోత మొదలవుతుంది. పిల్లలకు జ్వరాలు చెప్పి రావు, ఆ తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

6. తిండి

ఇంట్లో వండిన తిండి షిప్‌లోకి రానివ్వరు. సీల్ తీయని బేబీ ఫుడ్, ఫార్ములా డబ్బాలు తీసుకెళ్లొచ్చు. ఇంట్లో పట్టించిన ఉగ్గు పిండి డబ్బాలో పోసుకెళ్తే ఆపే ప్రమాదం ఉంది, కంపెనీ ప్యాకెట్ కొనండి. ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి నిప్పు ప్రమాదమని తీసేసుకుంటారు. వేడినీళ్లు బుఫేలో టీ పెట్టే చోట దొరుకుతాయి. అర లీటరు ఫ్లాస్క్ పట్టుకెళ్తే రాత్రి పాలకు గది దాటక్కర్లేదు. గదిలోని చిన్న ఫ్రిజ్ చాలావాటిలో గట్టిగా చల్లబడదు. తీసి దాచిన తల్లిపాలకు మంచి ఫ్రిజ్ కావాలని ముందే అడిగి పెట్టుకోండి.

తెల్లన్నం, ఉడికించిన కూరముక్కలు, అరటిపండు, కోడిగుడ్డు రోజూ దొరుకుతాయి. పెరుగన్నం మీద బతికే పిల్లలకు చిక్కు పెరుగుతోనే: తియ్యగా ఉండే పండ్ల పెరుగు ఎక్కువ, చప్పటి పెరుగు పొద్దున బుఫేలోనే. రెండు గిన్నెలు తీసి గది ఫ్రిజ్‌లో పెట్టి మధ్యాహ్నానికే వాడేయండి. డైనింగ్ రూమ్‌లో వెయిటర్‌కి ముందురోజు రాత్రి చెబితే మరుసటి రోజుకి ఉప్పు కారం లేని పప్పో, మెత్తగా చేసిన కూరో తెచ్చిపెడతారు, పెద్దవాళ్లకు ఇండియన్ శాకాహారం కూడా. సాయంత్రం మొదటి పంక్తి తీసుకోండి, రెండోది 8 దగ్గరపడుతుంది. కూర్చోగానే బిడ్డ తిండి ముందు తెమ్మనండి. వరసన నాలుగు వంటకాలు వచ్చేసరికి గంటన్నర పడుతుంది, ఏ చంటిపిల్లా అంతసేపు కూర్చోదు.

7. సంచిలో ఏం, ఎంత

షిప్‌లో డయపర్లు దొరికితే దొరుకుతాయి, లేకపోతే లేదు. సైజు అసలే దొరకదు. లెక్క ఇది: రోజుకు 7 చొప్పున 5 రోజులకు 35, షిప్ ఆలస్యమైతే మరో రోజుకు 7, విరేచనాలు పట్టుకుంటే అనుకుని 8. మొత్తం 50. వైప్స్ పెద్ద ప్యాకెట్లు రెండు. రోజుకు 28 ఔన్సులు తాగే బిడ్డకు ఆరు రోజులకు 168 ఔన్సుల ఫార్ములా కావాలి, డబ్బా ఎన్ని ఔన్సులు చేస్తుందో దాని మీదే రాసి ఉంటుంది.

ఇవి కాక: సీసాలు కడిగే సబ్బు, బ్రష్, మడతపెట్టే చిన్న బేసిన్, థర్మామీటర్, డాక్టర్ చెప్పిన జ్వరం మందు, ఓఆర్ఎస్, ముక్కులో వేసే సెలైన్, సన్నగా మడిచే స్ట్రోలర్ (పెద్దదైతే గది తలుపులో పట్టదు), అయస్కాంతపు కొక్కేలు (గోడలు ఇనుపవి కాబట్టి తువ్వాళ్లు, తడి బట్టలు వేలాడదీయొచ్చు, దుప్పటి కట్టి క్రిబ్‌కి తెర కూడా చేయొచ్చు). సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ తీసేసుకుంటారు, సాదా యూఎస్‌బీ ఛార్జర్ తీసుకెళ్లండి. రైమ్స్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వైఫై మీద నడిచే బేబీ మానిటర్‌ని నమ్మి బిడ్డను గదిలో వదిలి భోజనానికి వెళ్లడం మాత్రం వద్దే వద్దు.

పోర్టర్‌కి ఇచ్చిన సూట్‌కేసులు గది దగ్గరికి చేరేసరికి సాయంత్రం 6 కావచ్చు. కాబట్టి చేతిసంచిలో 8 డయపర్లు, రెండు జతల బట్టలు, పాలు, తిండి, మందులు, పాస్‌పోర్టులు ఉండాలి.

8. ఎక్కే రోజు

ముందురోజు రాత్రే గాల్వెస్టన్ చేరి పడుకోండి. పొద్దున డాలస్‌లో బయల్దేరి అదే రోజు ఎక్కేద్దామనుకుంటే హ్యూస్టన్ ట్రాఫిక్‌లో బిడ్డ ఏడుపుతోనే ప్రయాణం మొదలవుతుంది. టెర్మినల్‌కి వచ్చే వేళను ఆన్‌లైన్ చెకిన్‌లో ఎంచుకోవచ్చు, రాయల్ కరీబియన్‌లో అది సుమారు 45 రోజుల ముందు తెరుచుకుంటుంది. గదులు మధ్యాహ్నం ఒంటిగంట, ఒకటిన్నరకు గానీ ఇవ్వరు. 11కే ఎక్కితే నిద్రవేళకు బిడ్డకు పక్క ఉండదు. మధ్యాహ్నం నిద్రపోయే పిల్లలుంటే 12.30 తర్వాతి వేళ తీసుకోండి.

ప్రమాద సూచనల డ్రిల్‌లో మీ మస్టర్ స్టేషన్‌కి, అంటే ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటుకి, వెళ్లి బిడ్డ సైజు లైఫ్ జాకెట్ ఉందో లేదో కళ్లతో చూసి రండి. పిల్లల చేతికి స్టేషన్ నంబర్ ఉన్న పట్టీ కడతారు, దిగేదాకా తీయకండి. గదిలో బాత్రూమ్ గడప ఎత్తుగా ఉంటుంది, నడక కొత్త పిల్లలు తట్టుకుని పడతారు. గది తలుపు బరువుగా మూసుకుంటుంది, వేళ్లు జాగ్రత్త.

9. సముద్రం మీద

రెండేళ్ల లోపు పిల్లలకు కళ్లు తిరగడం, వాంతులు అరుదు, ఆ బాధ ఎక్కువగా అమ్మానాన్నలదే. పెద్దలకు అల్లం మురబ్బా కొంత పనిచేస్తుంది. డైమెన్‌హైడ్రినేట్ మందు రెండేళ్ల లోపు వాళ్లకు ఇవ్వకూడదు, పెద్దవాళ్లు చెవి వెనక అంటించుకునే పట్టీ పిల్లలకు అసలే వద్దు.

భయపడాల్సింది నోరోవైరస్ గురించి. వాంతులు, విరేచనాలు, ఒకరి నుంచి ఒకరికి. శానిటైజర్ దానికి సరిగా పనిచేయదు, సబ్బుతో 20 సెకన్లు కడగాల్సిందే. బిడ్డ చేతులు నోట్లోకి వెళ్తూనే ఉంటాయి కాబట్టి బుఫేకి ముందు, లిఫ్ట్ దిగాక కడగండి. హై చెయిర్ పళ్లెం మీరే ఒకసారి వైప్‌తో తుడిచి, పైన మీ మ్యాట్ వేయండి.

10. కోజుమెల్

కోజుమెల్ ఉన్న కింటానా రూ రాష్ట్రం 2015 నుంచి ఏడాదంతా ఒకే టైమ్ పాటిస్తుంది. టెక్సస్ గడియారం చలికాలంలో దానికన్నా గంట వెనక ఉంటుంది, ఎండాకాలంలో రెండూ ఒకటే. ఫోన్ తనంతట తాను టైమ్ మార్చేసుకుంటుంది, షిప్ మాత్రం తన టైమ్ ప్రకారమే కదులుతుంది. దిగే ముందు షిప్ గడియారం చూసి చేతివాచీ పెట్టుకోండి.

టాక్సీల్లో కార్‌సీట్లు ఉండవని అనుకునే దిగండి. షిప్ పుంటా లంగోస్తా రేవులో ఆగితే అది ఊరి మధ్యే, స్ట్రోలర్‌తో నడిచి తిరిగి రావొచ్చు. మిగతా రేవులు ఊరికి దక్షిణాన ఉంటాయి, అక్కడైతే రేవు ఆవరణలోని దుకాణాలే చాలు. ఎండ నడినెత్తికి రాకముందే, 10.30 లోపు పని ముగించండి. టోపీ, పొడుగు చేతుల చొక్కా, ఖనిజపు సన్‌స్క్రీన్. పండ్లు, వండిన తిండి షిప్ నుంచి ఒడ్డుకు తీసుకెళ్లకూడదు, సీల్ ఉన్న ప్యాకెట్లు ఫర్వాలేదు. అసలు దిగకపోయినా నష్టం లేదు. షిప్ అంతా ఖాళీ, స్ప్లాష్ ప్రాంతం మీదే, బుఫేలో వరస ఉండదు. రెండేళ్ల పిల్లకి కోజుమెల్ ఏంటో గుర్తుండేదీ లేదు.

11. దిగే రోజు

చివరి రాత్రి సూట్‌కేసులు తలుపు బయట పెట్టమంటారు. చాలామంది అన్నీ సర్దేసి బయట పెట్టి, పొద్దున బిడ్డకు వేయడానికి డయపర్, బట్టలు లేక బిక్కమొహం వేస్తారు. పక్కన తీసి పెట్టాల్సినవి: 6 డయపర్లు, వైప్స్, ఒక జత బట్టలు, పాలు, చెప్పులు, పాస్‌పోర్టులు. నాలుగు సూట్‌కేసులు, స్ట్రోలర్, బిడ్డతో సామాను మీరే మోసుకుని ముందు దిగిపోయే పద్ధతి ఎంచుకోకండి. లిఫ్ట్ కోసమే అరగంట నిలబడతారు.

విమానంలో తిరిగి వెళ్లేవాళ్లు హ్యూస్టన్ హాబీకి 40 మైళ్లు, ఇంటర్‌కాంటినెంటల్‌కి 70 మైళ్లని గుర్తుంచుకుని మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతి విమానమే బుక్ చేయాలి. పొగమంచు నెలల్లో అయితే సాయంత్రానిది. కారులో వెళ్లేవాళ్లు డాలస్ దాకా ఒక్క బిగిన తోలకుండా హ్యూస్టన్ దాటాక ఆగి, బిడ్డకు అన్నం పెట్టుకుని బయల్దేరితే వెనక సీట్లో నిద్రపోతుంది.